రూటరు మార్చితే ఇల్లు మారదు మాష్టారూ!

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను సాఫ్టువేరు ఇంజనీరుని. బీటెక్కులో మాకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ అని ఒక పేపరుండేది, అందులో నాకు 78 వచ్చాయి. ఆ 78 మార్కుల ధీమాతోనే మొన్నామధ్య పదహారు వేలు పోసి ఎనిమిది యాంటెన్నాల రూటరొకటి కొనుక్కొచ్చాను. వెల్లకిలా పడ్డ సాలీడులా ఉంటుంది, రాత్రిపూట ఎర్రగా వెలుగుతుంది. మా అన్నయ్య కొడుకు దాని దగ్గరికి వెళ్ళడానికి వారం రోజులు భయపడ్డాడు. మిగతా ఇంట్లో మాత్రం ఏ మార్పూ రాలేదు.

కాబట్టి "నెట్టు స్లోగా ఉందిరా" అనే మాట వినగానే చెయ్యి జేబులోకి పోయేవాళ్ళందరూ ఒక్క పది నిమిషాలు ఆగి, ఇది చదివి, ఆ తర్వాత మీ ఇష్టం.

మా ఇల్లు వనస్థలిపురంలో. కింద ఒక అంతస్తు, పైన ఒకటి, ఆ పైన మేము పెంట్‌హౌస్ అని గొప్పగా చెప్పుకునే గది ఒకటి. అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, వాళ్ళబ్బాయి, నేను. మనుషులం ఆరుగురమే. ఒక ఆదివారం కూర్చుని వైఫైకి తగులుకున్న వస్తువులు లెక్కపెట్టాను. ఫోన్లు 7, ల్యాప్‌టాపులు 4, టీవీలు 2, పిల్లాడి ట్యాబ్ 1, సీసీ కెమెరాలు 4, స్మార్టు బల్బులు 6, నీళ్ళ మోటారుకీ గీజరుకీ పెట్టిన స్మార్టు ప్లగ్గులు 2, ప్రింటరు 1. వెరసి 27. పెళ్ళికి పిలవాల్సిన వాళ్ళ జాబితా కూడా ఇంత సులువుగా తేలదు.

పాత రూటరు 2019లో కొన్నది. రోజుకి రెండుసార్లు తనంతట తనే ఆగిపోయి మళ్ళీ లేచేది. మార్చాల్సిందే, అందులో తేడా లేదు. కానీ అది మార్చక ముందు నుంచీ మా ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. రాత్రి తొమ్మిదింటికి నాకూ వదినకీ అమెరికా వాళ్ళతో మీటింగులు. సరిగ్గా అదే సమయానికి అమ్మ తెనాలిలో ఉన్న పెద్దమ్మకి వీడియో కాల్ చేసేది. పెద్దమ్మకి మోకాలి ఆపరేషనయింది, ఇల్లు కదలదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఓ ముప్పావుగంట మాట్లాడుకునేవాళ్ళు. సరిగ్గా ఆ ముప్పావుగంటే మా మీటింగుల్లో గొంతులు తెగిపోయేవి, బొమ్మలు బిగుసుకుపోయేవి.

ఇంకేముంది, దొంగ దొరికింది! "అమ్మా, ఆ ఫోను కాసేపు ఆపవా" అని నేను. "అత్తయ్యా, ఏమనుకోకండి, పది తర్వాత చేసుకోండి" అని వదిన. నాన్నగారైతే మరీ, "ఇంజనీరు చెప్తున్నాడు కదా, వినరాదూ" అని తీర్పు కూడా ఇచ్చేశారు. పదింటికి పెద్దమ్మ పడుకుంటుంది. అమ్మ ఏమీ అనలేదు. కాల్ చెయ్యడం మానేసింది, అంతే.

నేను రూటరు కొన్నది ఆ తర్వాత. అమ్మకి మళ్ళీ కాల్ చేసుకునే వీలు కల్పిద్దామనే మంచి ఉద్దేశంతోనే కొన్నాను లెండి. అక్కడ నేను చేసిన మొదటి తప్పు, పెట్టె మీది అంకెల్ని నమ్మడం.

మీరూ చూసే ఉంటారు, ఏఎక్స్ 1800, ఏఎక్స్ 3000, ఏఎక్స్ 6000 అని ఈ పెట్టెల మీద చీరల షాపులో రేటు చీటీల్లా రాసి ఉంటుంది. 6000 అంటే ఏమిటో తెలుసా? 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలో కాగితం మీద వచ్చే 1148 ఎంబిపిఎస్‌నీ, 5 గిగాహెర్ట్జ్ రేడియోలో కాగితం మీద వచ్చే 4804నీ కూడేసి, పైకి సర్దిన అంకె. మీ ఫోను ఒక సమయంలో మామూలుగా ఒక రేడియోతోనే మాట్లాడుతుంది. ఇంటి పక్కన రెండు రోడ్లున్నాయి, ఒకదాని మీద 40, ఇంకోదాని మీద 60 స్పీడులో పోవచ్చు, కాబట్టి మా ఇంటి ముందు 100 స్పీడులో పోవచ్చు అంటే నవ్వరా? ఇక్కడ మాత్రం నవ్వకుండా డబ్బులిస్తున్నాం.

పైగా ఆ 4804 రావాలంటే మీ చేతిలోని పరికరానికి నాలుగు యాంటెన్నాలుండాలి, 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెలుండాలి. మామూలు ఫోనుకి ఉండేవి రెండు. 80 మెగాహెర్ట్జ్ ఛానెల్లో వైఫై 6 ఫోనుకి కాగితం మీద వచ్చేదే 1201, చేతికి అందేది అందులో ముప్పాతిక కూడా ఉండదు. ఇక మా ఇంటి బల్బులూ ప్లగ్గులూ ఉన్నాయి, వాటికి 5 గిగాహెర్ట్జ్ అంటే ఏమిటో కూడా తెలియదు. రూటరుకి ఎనిమిది కాదు, ఎనభై యాంటెన్నాలు మొలిచినా బల్బుకున్నది ఒకటే.

"యాంటెన్నాలు ఎక్కువుంటే సిగ్నలు దూరం పోతుంది కదా" అనొచ్చు మీరు. షాపులో కుర్రాడూ అదే అన్నాడు. వీధి చివర గుడిలో మైకు పెడితే మన ఇంట్లోకి బాగానే వినపడుతుంది. మనం ఇంట్లోంచి "పంతులుగారూ" అని పిలిస్తే ఆయనకి వినపడుతుందా? వైఫై రెండువైపులా నడవాల్సిన సంభాషణ. రూటరు ఎంత గట్టిగా అరిచినా, చిన్న బ్యాటరీతో మీ ఫోను గొణిగే జవాబు దానికి చేరాలి. అందుకే ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

ఇక "3000 చదరపు అడుగుల కవరేజీ" అనే మాటుంది. ఆ 3000 అడుగుల్లో గోడలు ఎన్నో, దేనితో కట్టినవో పెట్టె చెప్పదు. అమెరికాలో చాలా ఇళ్ళలో లోపలి గోడలు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం పలకలు. మనవి ఇటుకా సిమెంటూ, పైన ఇనుప ఊచలు పరిచిన స్లాబు. అడ్డంగా నిలువెత్తు ఇనుప బీరువా, దానికి అద్దం. మా పెంట్‌హౌస్‌కీ హాల్లోని రూటరుకీ మధ్య రెండు స్లాబులున్నాయి. అక్కడికి సాలీడు సిగ్నలు కూడా ఊపిరి బిగబట్టుకునే వచ్చింది.

సరే, అసలు కథకొస్తాను. కొత్త రూటరు పెట్టాక గొడవ తగ్గకపోగా పెరిగింది. అమ్మ ఫోను ముట్టుకోవడం మానేసి అప్పటికి మూడు వారాలు. అయినా రాత్రి తొమ్మిదయ్యేసరికి గొంతులు తెగుతూనే ఉన్నాయి. ఒకరోజు అమెరికాలో సెలవు, మీటింగు లేదు. ఊరికే కూర్చోలేక పింగ్ నడిపి చూస్తూ కూర్చున్నాను. 8:58కి 9 మిల్లీసెకన్లు. 8:59కి 9 మిల్లీసెకన్లు. తొమ్మిది దాటగానే 200, 450, 600 దాటింది. అమ్మ వంటింట్లో పప్పు నానబోస్తోంది. ఆవిడ ఫోను నా పక్కనే, టేబుల్ మీద, ఛార్జింగులో.

మరి ఎవరు? రూటరు పేజీ తెరిచి, ఎవరు ఎంత పంపుతున్నారో చూశాను. అట్టడుగు నుంచి పైకొచ్చి మొదటి స్థానంలో కూర్చున్న పేరు నా సొంత ల్యాప్‌టాపుది. రెండేళ్ళ క్రితం, "తొమ్మిదింటికి పనైపోతుందిలే" అనుకుని నేనే పెట్టుకున్న బ్యాకప్ షెడ్యూలు అది. అందులో 40 జీబీల వర్చువల్ మెషీన్ ఫైలొకటుంది. దాన్ని రోజూ తెరుస్తాను కాబట్టి రోజూ మారుతుంది, మారింది కాబట్టి రోజూ మొత్తం ఫైలు మళ్ళీ క్లౌడుకి పోతుంది. సుమారు గంటసేపు. దానికి తోడు నాలుగు కెమెరాలు రాత్రీ పగలూ వీడియో ఎక్కిస్తూనే ఉన్నాయి. అమ్మ వీడియో కాల్ వీటి ముందు ఏ మూలకీ రాదు. తొమ్మిదింటికి ఇంట్లో మొదలయ్యేవి రెండుంటే, కంటికి కనబడేదాన్ని పట్టుకుని శిక్ష వేశాను.

దీనికి ఇంగ్లీషులో బఫర్‌బ్లోట్ అని పేరు. లైను నిండిపోయినప్పుడు రూటరు ప్యాకెట్లని పారెయ్యకుండా ఒక పెద్ద క్యూలో నిలబెడుతుంది. రేషను షాపులో ఒకడు నలభై బస్తాలకి చీటీ తెచ్చి ముందు నిలబడితే, పావుకిలో పంచదార కోసం వచ్చిన ముసలమ్మ కూడా వాడి వెనకాలే నిలబడాలి. బ్యాకప్ ఆ నలభై బస్తాలవాడు. గొంతు ప్యాకెట్టు ముసలమ్మ. కౌంటరు ఎంత వేగంగా పనిచేస్తోందని స్పీడ్ టెస్టు చెప్తుంది. ముసలమ్మ ఎంతసేపు నిలబడిందో చెప్పదు.

ఇక్కడ అసలైన తమాషా వినండి. కొత్త రూటరు వచ్చాక గొడవ ఎందుకు పెరిగింది? పాతదాని వైఫై బలహీనం కాబట్టి నా ల్యాప్‌టాపు మెల్లగా పంపేది, క్యూ కొంచెమన్నా కదిలేది. పదహారు వేల సాలీడు వచ్చి నా బస్తాలని ఇంకా వేగంగా తెచ్చి గుమ్మం దగ్గర కుమ్మరించింది. గుమ్మం మాత్రం అంతే వెడల్పు!

గుమ్మం సంగతి కూడా చెప్తాను. మా ప్లాను 150 ఎంబిపిఎస్. స్పీడ్ టెస్టు ఎప్పుడు పెట్టినా 94 దాటేది కాదు. నెట్టు వాళ్ళు మోసం చేస్తున్నారని రెండేళ్ళు తిట్టుకున్నాను. ఆ రోజు అనుమానం వచ్చి, ఫైబరు పెట్టె నుంచి రూటరుకి వచ్చే రెండు మీటర్ల తీగ చివర చూశాను. ఎనిమిది తీగల కేబులు. బిగించడానికి వచ్చిన కుర్రాడు నాలుగు తీగలే క్రింప్ చేసి, మిగతా నాలుగూ కత్తిరించేశాడు. నాలుగు తీగలతో 100 ఎంబిపిఎస్ లింకు వస్తుంది, ఖర్చులు పోను చేతికి అందేది 94. గిగాబిట్ కావాలంటే ఎనిమిదీ ఉండాలి. రెండేళ్ళపాటు 150కి డబ్బు కట్టి 94 వాడుకున్నాం. సాలీడుని కూడా నేను అదే తీగకి తగిలించాను. దీన్నేమంటారు? 78 మార్కులంటారు :)

చివరికి ఏం చేశానంటే, క్రమంలో చెప్తాను.

1. ఆ తీగ మార్చాను. 94 కాస్తా 150 దగ్గరికి వచ్చింది. ఖర్చు ఒక సినిమా టిక్కెట్టు కన్నా తక్కువ.

2. బ్యాకప్‌ని తెల్లవారుజామున మూడింటికి మార్చాను. ఖర్చు సున్నా. కెమెరాల వీడియో ఇంట్లోనే రికార్డయ్యేలా పెట్టాను, ఏదైనా కదిలితేనే క్లౌడుకి పోతుంది.

3. హాల్లోంచి పై అంతస్తుకీ, అక్కడినుంచి పెంట్‌హౌస్‌కీ కేబులు లాగించాను. ఎలక్ట్రీషియనుతో కలిపి రెండు వేల పైచిలుకు. క్యాట్ 5ఈ కేబులు 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. మన ఇళ్ళు ఎంత ఉంటాయి చెప్పండి.

4. మెయిన్ రూటరుగా నాలుగు వేల లోపు దొరికే చిన్నదాన్ని పెట్టి, దాంట్లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించాను. అందులో ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంది. లైనుని 150 బదులు 135 దగ్గర కట్టేసి, క్యూలో బస్తాలవాడినీ ముసలమ్మనీ వేరు చేసి తలా కాస్త దారి ఇస్తుంది. కావాలనే బ్యాకప్ నడిపి చూశాను. పింగ్ 20 దాటలేదు.

5. సాలీడు ఇప్పుడు పెంట్‌హౌస్‌లో ఒట్టి యాక్సెస్ పాయింటు. వదినకి సిగ్నలు బ్రహ్మాండంగా వస్తోంది. అదే పని మూడు వేలది కూడా చేసేది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా వాదన. వైఫై బాగుపడాలంటే ముందు తీగ కావాలి. "ఈ కాలంలో ఇంకా కేబులేంటి, మెష్ పెట్టుకో" అని ఆఫీసులో అందరూ నవ్వారు. మెష్ మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ తీగ లేని మెష్‌లో రెండు డబ్బాలూ గాలిలోనే మాట్లాడుకోవాలి. ఒకే రేడియో మీద అయితే ప్రతి మాటా రెండుసార్లు గాలిలోకి పోతుంది, ఉన్న వేగంలో సగం అక్కడే ఖాళీ. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. టీవీనీ ఆఫీసు ల్యాప్‌టాపునీ తీగకి కట్టేస్తే, మిగతా 25కీ గాలి ఖాళీ అవుతుంది. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టనివ్వరు అంటే అప్పుడు మెష్ కొనుక్కోండి, అది న్యాయమైన కారణం. సొంత ఇల్లుండి, ఫాల్స్ సీలింగుకి లక్షలు పోసినవాళ్ళు రెండు వేల తీగ దగ్గర ఆగిపోతే మాత్రం నేనొప్పుకోను.

ఈ బిల్డర్లనీ అనాలి. ప్రతి గదిలో ఏసీ పాయింటు, టీవీ పాయింటు ఇస్తారు. పడకగదిలో ఇప్పటికీ ల్యాండ్‌లైను సాకెట్టు ఇచ్చే మహానుభావులున్నారు. నెట్టు కేబులుకి మాత్రం ఒక్క పైపు వెయ్యరు. ఫైబరు పెట్టె వచ్చేది గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద. ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, హాలు మధ్య నుంచి ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు వేయించండి. తీగ ఎప్పుడైనా లాక్కోవచ్చు, గోడ ఎప్పుడూ కొయ్యలేం.

ఇంకో మోజు వైఫై 7, 6 గిగాహెర్ట్జ్. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకి లైసెన్సు 2005లో తీసేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర 2018లో వదిలారు. 6 గిగాహెర్ట్జ్‌లో కింది 500 మెగాహెర్ట్జ్ (5925 నుంచి 6425 దాకా) వదలడానికి ముసాయిదా నిబంధనలు వచ్చిందే 2025 మేలో. అంటే అంతకు ముందు ఇక్కడ 6 గిగాహెర్ట్జ్ మోజుతో ట్రైబ్యాండు పెట్టె కొన్నవాళ్ళు మూడో బ్యాండుని అలంకారానికి కొన్నారన్నమాట. ఆ ముసాయిదాలో కూడా ఇంటి లోపల తక్కువ పవరు, బయట మరీ తక్కువ పవరు. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడ దాటడం కష్టం. ఉన్న గదిలో బాగుంటుంది, పక్క గదికి మళ్ళీ అదే కథ. ముందు మీ ఫోన్లలో ఎన్ని 6 గిగాహెర్ట్జ్ అందుకుంటాయో చూసుకుని అప్పుడు మాట్లాడండి.

మరి రూటరు కొనేటప్పుడు ఏం చూడాలి? వైఫై 6 చాలు. అన్ని పోర్టులూ గిగాబిట్ ఉండాలి (ఇప్పటికీ 100 పోర్టులతో అమ్మేవి ఉన్నాయి, చూసుకోండి). క్యూని సర్దే సదుపాయం ఉండాలి, లేదా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కాలి. కరెంటు పోతే నిలబడ్డానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పక్కన పెట్టండి, ఫైబరు పెట్టెకి కూడా కలిపి.

అన్నిటికన్నా ముఖ్యం, సాఫ్టువేరు అప్‌డేట్లు ఎన్నేళ్ళిస్తారో అడగండి. 2016లో మిరాయ్ అనే పురుగు చేసిన పని గుర్తుందా? పాస్‌వర్డు మార్చని కెమెరాలనీ రూటర్లనీ లక్షల్లో పట్టుకుని, ఆ అక్టోబరులో డిన్ అనే కంపెనీ మీదికి తోలింది, పెద్ద పెద్ద సైట్లు గంటలకొద్దీ అందలేదు. బ్రిటన్లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం తెచ్చారు. ఇలాంటి వస్తువులన్నిటికీ ఊహించగలిగే ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదు, అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కొనేవాడికి చెప్పి తీరాలి. నేను ఆ రోజు షాపులో పది పెట్టెలు తిప్పి చూశాను. ఎమ్మార్పీ ఉంది, తయారైన దేశం ఉంది, డ్రాగను బొమ్మ ఉంది. అప్‌డేట్ల గురించి ఒక్క ముక్క లేదు. పాల ప్యాకెట్టు మీద కూడా ఎప్పటిదాకా తాగొచ్చో రాస్తారు. ఇంటిల్లిపాది బ్యాంకు లావాదేవీలు నడిచే డబ్బా మీద ఎందుకు రాయరు? మనం అడగం కాబట్టి. మనం అడిగేది "ఎన్ని యాంటెన్నాలు?" అని.

కంపెనీల మీద నాకున్న కోపం ఇంతే. మిగతాదంతా నా మీదే. కొలవకుండా తీర్పు చెప్పాను. ఆఫీసులో సర్వరు మెల్లబడితే లాగులు చూడకుండా ఎవడైనా "ఫలానావాడి కోడు వల్లే" అంటే మీద పడి కరుస్తాను. ఇంట్లో మాత్రం ఎదురు మాట్లాడని మనిషి మీదికి తోసేశాను. ఇంట్లో నెట్టు మెల్లబడితే నింద ఎప్పుడూ ఎవరి మీద పడుతుందో గమనించండి. సీరియలు చూసే అమ్మ మీద, ట్యాబు పట్టుకున్న పిల్లాడి మీద. వాళ్ళకి పింగ్ తెలియదు కాబట్టి.

అమ్మకి అంతా చెప్పాను. క్యూ, బస్తాలు, ముసలమ్మ, అన్నీ. మొత్తం విని, "అయితే నా ఫోను కాదన్నమాట" అంది. అంతే. కాసేపాగి, "అక్క ఏమనుకుందో ఏమిటో ఇన్నాళ్ళూ" అంది. పెద్దమ్మ ఏమనుకుందో మర్నాడు తెలిసింది. ఆపరేషనప్పుడు డబ్బు సాయం అడిగినందుకు చెల్లెలికి కోపమొచ్చి మాట్లాడ్డం మానేసిందనుకుందట. నాలుగు వారాలు అలాగే అనుకుంటూ పడుకుందట.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి కాల్ నడుస్తోంది. పక్క గదిలో మా మీటింగులు నడుస్తున్నాయి. ఎవరికీ ఎవరూ అడ్డు కాదు.

మీ ఇంట్లో కూడా ఈ రాత్రి ఎవరినైనా "ఆ ఫోను ఆపు" అనబోయే ముందు ఒక్క పింగ్ పెట్టి చూడండి. రూటరు సంగతి రేపు చూసుకుందాం.